తుఫాను కబురు కోనసీమకు చేరిన తీరు

కోనసీమ మెట్ట అన్నది లేని పల్లపు నేల. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, నడుమ గన్నవరం దగ్గర చీలి ఓడలరేవు వైపు సాగే వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. అమలాపురం, కొత్తపేట, రాజోలు ప్రాంతాల్లో చాలా ఊళ్లు సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. తీరం వెంబడి ఉన్న మత్స్యకారుల పల్లెలు అంతకన్నా పల్లం. అందువల్ల ఈ సీమకు ఆపద మూడు వైపుల నుంచి వస్తుంది. సముద్రం నుంచి గాలి, ఉప్పెన వస్తాయి. ఎగువ నుంచి గోదావరి వరద వస్తుంది. ఆకాశం నుంచి పడ్డ వాన పోయే దారి లేక చేలల్లో నిలుస్తుంది. ఈ మూడింటినీ ముందుగా పసిగట్టి జనానికి చెప్పే ఏర్పాటు దాదాపు నూటయాభై ఏళ్లలో అంచెలంచెలుగా వచ్చింది. తుఫానును పసిగట్టడం ఒక పని, ఆ కబురును గౌతమి ముఖద్వారపు బలుసుతిప్ప మత్స్యకారుడి దాకా చేర్చడం మరో పని. మొదటి దానికి శాస్త్రం చాలా కాలం క్రితమే దారి చూపింది. రెండోది ఆలస్యమైంది. ఆ ఆలస్యమే ఎక్కువ ప్రాణాలు తీసింది.

గౌతమి ముఖద్వారానికి ఉత్తరాన, కోనసీమకు ఎదురుగా కోరంగి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో అది ఓడలు కట్టే, బాగుచేసే పెద్ద రేవు. ఆ శతాబ్దం చివర ఒక ఉప్పెన దాన్ని ముంచింది. పాత రాతల్లో ఈ ఉప్పెనకు 1787 అనీ 1789 అనీ రెండు ఏళ్లు కనిపిస్తాయి. మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఓడలను ఒడ్డుకు ఎక్కించాయనీ, ఊరిలో ఎక్కువ భాగాన్ని తుడిచిపెట్టాయనీ వర్ణన ఉంది. 1839 నవంబరు 25న మరో ఉప్పెన వచ్చింది. దానిలో మూడు లక్షల మంది పోయారని చాలా పుస్తకాలు రాస్తాయి. ఆనాటి జనసంఖ్యను తలచుకుంటే ఆ అంకెను నమ్మడం కష్టం. నష్టం మాత్రం భారీదే, కోరంగి తిరిగి మునుపటి రేవు కాలేదు. కలకత్తాలో నావికా విచారణలు జరిపిన హెన్రీ పిడింగ్టన్ ఇటువంటి తుఫానుల్లో చిక్కుకున్న ఓడల లాగ్ పుస్తకాలను పోగుచేసి, గాలి ఒక కేంద్రం చుట్టూ తిరుగుతుందని చూపాడు. 1848లో అచ్చయిన తన నావికుల పుస్తకంలో వాటికి 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. కోరంగి ఉప్పెన గురించీ ఆయన రాశాడు. ఈ రోజు ప్రపంచమంతా వాడే ఆ పేరు వెనుక గోదావరి ముఖద్వారం అనుభవం కూడా ఉంది.

అప్పట్లో కోనసీమ జనానికి ఉన్న ఆధారం కార్తెల లెక్క, కళ్ల ముందు కనబడే గుర్తులు. ఉగాది పంచాంగం ఆ ఏటి వానల తీరు చెప్పేది, రైతు సార్వా పనులను కార్తెలను బట్టి సాగించుకునేవాడు. ఈ లెక్కలో నిజమైన అనుభవం ఉంది. అక్టోబరు చివర మొదలయ్యే స్వాతి నుంచి విశాఖ, అనూరాధ కార్తెల దాకా గాలివానల కాలమని పల్లెల్లో అందరికీ తెలుసు. మచిలీపట్నాన్ని ముంచిన 1864 నవంబరు 1 ఉప్పెన, 1839 నాటి కోరంగి ఉప్పెన, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6 కోనసీమ తుఫాను అన్నీ ఈ కార్తెల్లోనే వచ్చాయి. బంగాళాఖాతంలో నీరు ఇంకా వేడిగా ఉండి, పైగాలులు తుఫాను మేఘాన్ని చెదరగొట్టనంత నెమ్మదించే కాలం అదే. మత్స్యకారులకు మరో గుర్తు ఉండేది. గాలి ఇంకా అందుకోకముందే దూరం నుంచి బరువైన అలలు ఒక వరసలో వచ్చి ఒడ్డును కొట్టేవి. తుఫాను కన్నా దాని అలలు వేగంగా ప్రయాణిస్తాయి కాబట్టి ఈ గుర్తు శాస్త్రానికి కూడా సరిపోతుంది. అయితే తుఫాను ఏ రోజు, ఏ ఊరి మీద తీరం దాటుతుందో కార్తె చెప్పలేదు, అల కూడా చెప్పలేదు.

ప్రభుత్వం తరఫున హెచ్చరికలు మొదలైంది ఓడల కోసం. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్నాన్ని తుఫానులు దెబ్బతీశాక, 1865లో కలకత్తా రేవుకు తుఫాను సూచనలు ఇవ్వడం ఆరంభమైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది, హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దాని తొలి అధిపతి. 1886 నాటికి దేశంలోని రేవులన్నింటికీ ఈ ఏర్పాటు విస్తరించింది. తంతి ద్వారా కబురు రాగానే రేవులో ఎత్తైన స్తంభానికి పగలు శంకువులు, పీపాల ఆకారపు గుర్తులు ఎగరేసేవారు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు వేలాడదీసేవారు. నేటికీ ఈ సంకేతాలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్నాయి. ఒకటి, రెండు నంబర్లు తుఫాను దూరాన సముద్రంలో ఉందని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలి ముప్పు ఉందని చెబుతాయి. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. తుఫాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుందో కూడా ఆ నంబరులోనే ఉంటుంది. పదకొండో నంబరు అర్థం వేరు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయనీ, వాతావరణం చెడ్డదని స్థానిక అధికారి భావిస్తున్నాడనీ అది తెలుపుతుంది.

ఈ భాష ఓడ సరంగుకు తెలుసు. కాకినాడ రేవులో మూడో నంబరు ఎగరేశారని రేడియోలో విన్న రైతుకు గాలి పెద్దదని తెలిసేది గాని, తన ఊళ్లో ఎంత నీరు వస్తుందో, ఎటు పోవాలో దానిలో ఉండేది కాదు. ఎవరి కోసం చేసిన ఏర్పాటో వారికే ఉపయోగపడింది. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక తెలుగులో తుఫాను వార్త ఇంటింటికీ కాకపోయినా ఊరూరికీ చేరడం మొదలైంది. పంచాయతీ రేడియో చుట్టూ చేరి వార్తలు వినడం తీర గ్రామాల్లో చాలా ఏళ్లు నడిచింది.

వరద కబురు దారి వేరు. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక, అక్కడి నీటిమట్టమే కోనసీమకు కొలమానం అయింది. తుఫానులా కాక, వరద నడిచి వచ్చే దారి ముందే తెలిసినది. భద్రాచలం దగ్గర నది ఎంత ఎత్తున ఉందో తెలిస్తే, ఒక రోజు అటూఇటుగా ధవళేశ్వరానికి ఎంత వస్తుందో అంచనా కట్టవచ్చు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. నీటి లెక్కలో అవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. లంక గ్రామాల్లో ఈ అంకెలు పిల్లలకు కూడా తెలుసు. మొదటి హెచ్చరిక అంటే కాజ్‌వేలు మునుగుతాయి, పడవలు సిద్ధం చేసుకోవాలి. మూడోది అంటే పశువులను గట్టెక్కించి తామూ కదలాలి. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరంలో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది, భద్రాచలంలో 75.6 అడుగులు నమోదైంది. వచ్చే నీటిని ఊహించారు గాని, గట్లు దాన్ని ఆపలేకపోయాయి. 2022 జులైలో భద్రాచలం 71.3 అడుగులు చేరినప్పుడు, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు, లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అయినా నీరు వచ్చే వేళ ముందే తెలిసింది కాబట్టి జనాన్ని తరలించే వ్యవధి దొరికింది.

తుఫాను విషయంలో అంతటి వ్యవధి రావడానికి రాడార్లు, ఉపగ్రహాలు కావలసి వచ్చాయి. దేశంలోనే మొదటి తుఫాను రాడార్‌ను 1970లో విశాఖపట్నంలో పెట్టారు. 1974లో అక్కడే తుఫాను హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అయినా మూడేళ్లకు దివిసీమలో పది వేల మందికి పైగా చనిపోయారు. గాలి వస్తుందని తెలిసినా, ఉప్పెన ఎంత ఎత్తున ఎంత లోపలికి వస్తుందో చెప్పలేకపోవడం, చెప్పింది చివరి గ్రామానికి చేరకపోవడం రెండూ అక్కడ కలిశాయి. ఆ దెబ్బ తరువాతే తీరం వెంట తుఫాను ఆశ్రయ భవనాలు లేచాయి. 1980ల మధ్య నుంచి ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే యంత్రాలు ఆంధ్ర, తమిళనాడు తీర ప్రాంతాల కార్యాలయాల్లో చేరాయి. సైరన్ మోగి, తరువాత తెలుగులో ప్రకటన వినబడేది. టెలిఫోన్ తీగలు తెగినా అది పనిచేస్తుంది. ఏ జిల్లాకు ముప్పు ఉంటే ఆ జిల్లా యంత్రాలనే మోగించే వీలు కూడా ఉంది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను దివిసీమ నాటి దానికి తీసిపోనిది. అప్పుడు ముందుగానే ఆరు లక్షలకు పైగా జనాన్ని తరలించారు. మరణాలు వెయ్యి లోపే ఉన్నాయి. హెచ్చరిక అందితే ఏమవుతుందో ఆంధ్ర తీరం అప్పుడు మొదటిసారి చూసింది.

ఆ అనుభవం ఉన్నా 1996లో కోనసీమ దెబ్బతింది. ఆ ఏడాది దీపావళి నవంబరు 10న. అంతకు నాలుగు రోజుల ముందు, 6వ తేదీ బుధవారం రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో కాకినాడకు దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తుఫాను తీరం దాటింది. బంగాళాఖాతంలో రెండు మూడు రోజుల్లోనే అది వాయుగుండం నుంచి తీవ్ర తుఫానుగా ఎదిగింది. విస్తీర్ణం పెద్దది కాదు, కేంద్రం దగ్గర గాలి మాత్రం భీకరం. ఇటువంటి తుఫాను అంచనాకు కష్టమైనది. తీరంలో గాలి పెరగడం కనబడే సరికి కేంద్రం దగ్గరకొచ్చేసి ఉంటుంది. అంచు ఊళ్లలో వాన తప్ప ఏమీ లేకపోవచ్చు, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఇళ్లు లేచిపోవచ్చు.

ఈ దేశపు తూర్పు తీరంలో తుఫాను గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. పడమటికి సాగే తుఫానుకు ఉత్తరపు పక్క గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, దక్షిణపు పక్క నేల నుంచి సముద్రానికి వీస్తుంది. కాబట్టి ఉప్పెన లేచేది కేంద్రానికి ఉత్తరాన. 1996లో ఆ పక్క పడ్డవి గౌతమి ముఖద్వారపు మడ అడవుల మధ్య ఉన్న బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకారుల ఊళ్లు. అక్కడ సముద్రం లోతు చాలా దూరం దాకా తక్కువ, అందువల్ల గాలి నెట్టిన నీరు కిందికి జారే వీలు లేక పైకి లేస్తుంది. రెండు మూడు మీటర్ల ఎత్తున వచ్చిన నీరు ఊళ్ల మీదికి పాకింది. తూర్పు గోదావరి జిల్లాలోనూ యానాంలోనూ వెయ్యికి పైగా మరణాలు అధికారికంగా నమోదయ్యాయి, గల్లంతైన వారి సంఖ్య అంతకన్నా ఎక్కువ. గల్లంతైన వారిలో చాలామంది సముద్రంలో వేటలో ఉన్న మత్స్యకారులు. ఆరు లక్షలకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి.

విశాఖపట్నం కేంద్రం నుంచి హెచ్చరికలు వెలువడ్డాయి. రేవుల్లో నంబర్లు ఎగరేశారు, రేడియోలో చెప్పారు. వేటకు పోయి రెండు మూడు రోజులు సముద్రంలోనే ఉండే పడవకు మాత్రం ఆ కబురు అందే సాధనం లేదు. ఎక్కువ పడవల్లో వైర్‌లెస్ లేదు, ట్రాన్సిస్టర్ రేడియో ఉన్నా తీరం నుంచి దూరం పోయాక సరిగా అందదు. కబురు అందినా, తుఫాను ఒక్క రోజులో ముదిరినప్పుడు ఒడ్డు చేరే వ్యవధి ఉండదు. 1996 నష్టంలో గాలి పాలు ఎంతో, ఈ తెగిన లంకె పాలు అంతే. ఈ మాట మెత్తగా చెప్పే అవసరం లేదు.

ఒడ్డున తుఫాను నేరుగా కొట్టింది కొబ్బరిని. తుఫాను కన్ను, అంటే దాని కేంద్రం, దాటే చోట గాలి ఒక దిక్కు నుంచి గంటల తరబడి వీచి, కాసేపు పూర్తిగా ఆగి, ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఆ నడిమి నిశ్శబ్దంలో గండం గడిచిందనుకుని బయటికి వచ్చినవారు రెండో గాలికి చిక్కుతారు. మొదటి గాలికి వంగి వేళ్లు కదిలిన చెట్టు రెండో గాలికి కూలుతుంది. నిలబడ్డ చెట్లలో కూడా మొవ్వు మెలితిరిగి విరిగితే ఆ చెట్టు బతకదు, ఎందుకంటే కొబ్బరికి ఎదిగే మొగ్గ అదొక్కటే. కొత్తగా నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. కొబ్బరి వ్యాపారానికి కేంద్రమైన అంబాజీపేట చుట్టుపక్కల తోటలకు ఆ రాత్రి తెచ్చిన నష్టం ఒక ఏటి పంట నష్టం కాదు, అప్పుడు పుట్టిన పిల్ల బడికి పోయే దాకా సాగిన నష్టం. వరి పంట కోతకు వచ్చిన వేళ కావడంతో సార్వా కూడా నీళ్లలో పడింది.

1996 తరువాత మార్పులు వేగంగా వచ్చాయి. 1997లో ప్రపంచ బ్యాంకు రుణంతో తుఫాను పునర్నిర్మాణ పథకం మొదలై రోడ్లు, ఆశ్రయ భవనాలు, మురుగు కాలువలు బాగుచేసే పనులు జరిగాయి. 1999 అక్టోబరులో ఒడిశా సూపర్ సైక్లోన్ తరువాత వాతావరణ శాఖ హెచ్చరికను నాలుగు అంచెలుగా చేసింది. మొదటిది మూడు రోజుల ముందు, రెండోది 48 గంటల ముందు, మూడోది 24 గంటల ముందు. నాలుగోది తీరం దాటడానికి 12 గంటల ముందు వస్తుంది, దాటాక లోతట్టు ప్రాంతాల్లో ఏమి జరుగుతుందో చెబుతుంది. మచిలీపట్నం, విశాఖపట్నాల్లో పాత రాడార్ల చోట డాప్లర్ రాడార్లు వచ్చాయి. మేఘంలో నీటి బిందువులు ఏ వేగంతో రాడార్ వైపు వస్తున్నాయో, దూరం పోతున్నాయో ఇవి కొలుస్తాయి. కోనసీమ ఈ రెండింటి నడుమ ఉంటుంది. 1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, ఉప్పెన అంచనాలు ఇస్తుంది. 2000ల తొలి ఏళ్లలో 24 గంటల ముందు చెప్పిన తుఫాను స్థానంలో సగటు తేడా 140 కిలోమీటర్ల దాకా ఉండేది, ఇటీవలి ఏళ్లలో అది 80 కిలోమీటర్ల లోపుకు వచ్చింది. 140 కిలోమీటర్ల తేడా అంటే మచిలీపట్నానికో కాకినాడకో తేల్చి చెప్పలేకపోవడం. 80 లోపు అంటే ఏ మండలాల్లో జనాన్ని కదిలించాలో కలెక్టరు నిర్ణయించగలగడం.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కోనసీమలోనే కాట్రేనికోన ప్రాంతంలో తీరం దాటింది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం సమీపంలో, అంటే అంతర్వేదికి ఎదుటి ఒడ్డు ప్రాంతంలో దాటింది. రెండు సార్లూ రోజుల ముందే దారి తెలిసింది, వేటను ఆపించారు, పల్లపు ఊళ్లను ఖాళీ చేయించారు. మొంథా రాత్రి కోనసీమలో చెట్టు కూలి ఒక మహిళ ప్రాణం పోయింది. ఈ తుఫానుల బలం 1996 నాటి దానితో సమానం కాదు కాబట్టి మరణాల తేడా అంతా హెచ్చరిక ఖాతాలో వేయడం సరికాదు. సముద్రంలో పడవలు లేకుండా చూడగలగడం మాత్రం స్పష్టంగా హెచ్చరిక సాధించిన ఫలితమే. ఒడ్డు నుంచి దూరంగా ఉన్న పడవకు నేరుగా ఉపగ్రహం ద్వారా తెలుగులో కబురు పంపే ట్రాన్స్‌పాండర్లను దేశవ్యాప్తంగా లక్ష పడవలకు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. 1996లో తెగిన లంకె అదే.

తుఫాను కన్నా ఉరుముల గాలివానను ముందుగా చెప్పడం కష్టం. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పున రోజుల తరబడి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండకు నేల కాగి, సముద్రపు తేమ గాలి కలిసి లేచే క్యుములోనింబస్ మేఘం పది పదిహేను కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండకపోవచ్చు, గంటలో పుట్టి గంటలో పోతుంది. ఈ రోజు జిల్లాలో ఈదురుగాలులకు అవకాశం ఉందని ముందు రోజు చెప్పవచ్చు. అది ముమ్మిడివరం మీద కురుస్తుందా మలికిపురం మీదనా అన్నది మేఘం లేచాకే తెలుస్తుంది. అందుకే వాతావరణ శాఖ ఇటువంటి వాటికి మూడు గంటల వ్యవధి సూచనలు ఇస్తుంది. పిడుగులను పసిగట్టే సెన్సర్ల వలయం రాష్ట్రంలో ఏర్పడ్డాక ఎన్ని పిడుగులు పడుతున్నాయో లెక్క తెలిసింది. 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయని విపత్తు నిర్వహణ అధికారులు చెప్పారు. ఇప్పుడు దామిని యాప్ ద్వారా పిడుగు సూచన అందుతోంది, ఫోన్ సందేశాలు మండలం వారీగా వస్తున్నాయి.

టోర్నడో ఇంకా చిన్నది, ఇంకా వేగమైనది. అమెరికాలో కూడా 1948 మార్చి 25న ఓక్లహామాలో ఇద్దరు సైనిక వాతావరణ అధికారులు మొదటిసారి దాన్ని ముందుగా చెప్పగలిగారు. భారత ఉపఖండంలో దాని ముప్పు ఎక్కువగా బెంగాల్ మైదానాలకు, బంగ్లాదేశ్‌కు. కోనసీమలో దీని కోసం ప్రత్యేక హెచ్చరిక ఏర్పాటు లేదు. ఒక సాంకేతిక కారణం కూడా దీనికి అడ్డు. రాడార్ కిరణం దూరం పోయే కొద్దీ భూమి వంపు వల్ల నేలకు పైపైన సాగుతుంది. మచిలీపట్నం నుంచి చూసినా విశాఖ నుంచి చూసినా కోనసీమ మీద అది చూసేది మేఘం నడుమ భాగాన్ని, నేలకు దగ్గరగా తిరిగే చిన్న సుడిని కాదు.

భారీ వర్షం సంగతి మళ్లీ వేరు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో కొలిచే 24 గంటల వానను బట్టి 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అంటారు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో జిల్లాల వారీగా సూచన వస్తుంది. ఈ సూచన ఇప్పుడు చాలా మటుకు నిజమవుతోంది. అయినా రైతుకు దానివల్ల దక్కేది తక్కువ. కోసి పనల మీద ఉన్న వరిని ఒక రోజులో కుప్ప వేసుకోగలిగితే అది మిగులుతుంది, ఇంకా కోయనిది మునుగుతుంది. మురుగు కాలువలు సముద్రంలో కలిసే మొగలు ఇసుకతో పూడిపోయి, పోటు వేళ సముద్రపు నీరే వెనక్కి తన్నే చోట 100 మిల్లీమీటర్ల వాన కూడా వారం నిలుస్తుంది. 2010లో లైలా తుఫాను వానలతోనూ ఏడాది చివరి వానలతోనూ పంటలు పోగొట్టుకున్న కోనసీమ రైతులు 2011 సార్వాలో పంట విరామం ప్రకటించారు. ధర, కూలి ఖర్చు దానికి కారణాలే గాని, నిలిచిన నీరు పెద్ద కారణం.

నేడు కోనసీమలో తుఫాను సూచన నమ్మదగినది, అది చివరి పల్లె దాకా చేరుతోంది. ఈదురుగాలి, పిడుగు సూచన వచ్చాక చేతిలో ఉండేది అరగంట నుంచి మూడు గంటలు. పొలంలో ఉన్నవారు ఆ సందేశం చూడగానే చెట్టు కిందికి కాక పక్కా కప్పు కిందికి చేరాలి. భారీ వాన సూచనకు ఫలితం దక్కాలంటే కూనవరం మురుగు కాలువ వంటి వాటి మొగల్లో ఇసుకను ఏటా వేసవిలోనే తీయించాలి. ఈ పని ఇంకా సక్రమంగా జరగడం లేదు.